అత్తకూ నాకూ ఒకే పొడి

నొప్పి ఏ రోజు మొదలైందని డాక్టర్లు అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. నేను జారి పడలేదు, మోయరానిదేదీ మోయలేదు. చిన్నపాప పలక పట్టుకుని శాలెకు పోవడం మొదలుపెట్టిన యేడు, చలికాలంలో ఒక పొద్దున లేస్తూనే ఒళ్ళంతా నానిన గోనెసంచిలాగా బరువుగా అనిపించింది. రెండు రోజులు చూద్దాంలే అనుకున్నాను. ఆ రెండు రోజులు రెండేళ్ళయ్యాయి.

మాది కర్ణాటకలో, సాదలి పక్కన తెలుగు మాట్లాడే చిన్న పల్లె. పట్టుపురుగులు పెంచే ఇల్లు. నేను పుట్టింది బాగేపల్లి దగ్గర, వేరుశనగ చేల మధ్య. అక్కడ పనంతా ఆకాశం కిందే. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక పనంతా కప్పు కిందికి మారింది. పురుగుల ఇంట్లో ఎండ పడకూడదు, వేడి పెరగకూడదు, ఈగ దూరకూడదు. కిటికీలకు వలలు, వలల మీద తడిపిన గోనెపట్టాలు. మల్బరీ ఆకు కోయడానికి తెల్లవారుజామున తోటలోకి పోతాం, మళ్ళీ పొద్దు వాలినాక పోతాం. ఆకు గరుకు తగలకుండా చీర మీద మా ఆయన పాత చొక్కా, తలకు తువ్వాలు. పొద్దెక్కినాక లోపలే. పురుగులకు ఆకు వేయడం, కింద చెత్త తీయడం, సంగటి, కూర, బోకులు తోమడం, మళ్ళీ ఆకు. ఆ పనిలో నాకు మా అత్తే గురువు, అత్తే జత. ఆమె మాట తక్కువ మనిషి. కోపం కూడా తక్కువే.

మొదట పోయింది సంగటి గెలికే బలం. తెడ్డు పట్టుకుంటే భుజాల్లో నిప్పు పోసినట్టుండేది. తర్వాత కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాల్సి వచ్చింది. మెట్లెక్కేటప్పుడు తొడలు నావి కావన్నట్టు ఆగిపోయేవి. రాత్రి మోకాళ్ళ కింది ఎముకల్లో ఒక మూలుగుడు. ఇది కీళ్ళ నొప్పి కాదు, కండ నొప్పి కాదు. ఎముక లోపల ఎవరో సన్నగా తొలుస్తున్నట్టు ఉండేది. చేతులు పైకెత్తలేక పాపకు జడ వేయడం మానుకున్నాను. ఆ పని మా ఆయన తీసుకున్నాడు. పాపిడి ఎప్పుడూ ఎడమకు పోయేది. పాప అద్దంలో చూసుకుని, "నాన్నా, ఈ పొద్దు కొంచెం మధ్యకు వచ్చిందిలే" అని ఆయనను మెచ్చుకుని పోయేది.

చింతామణిలో ఒక క్లినిక్కుకు పోయాం. సూది వేశారు. ఇంటికి వచ్చేసరికి దూదిలాగా తేలిపోతున్నట్టుంది. ఆ సాయంత్రం నేనే ఆకు మోసుకొచ్చాను. మూడో రోజుకు అంతా మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకోసారి పోతే ఇంకో సూది. ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పట్టుకుని చూసి, "ఏమీ లేదమ్మా, అంతా బాగుండాది" అన్నాడు ఆ డాక్టరు. మంచి మాటే చెప్తున్నాననుకున్నాడు పాపం. బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఏమైనా ఉంటే బాగుండునని కోరుకునే దశకు వచ్చాను. ఏమీ లేకపోతే మరి ఇదంతా ఏమిటి? నేను కల్పించుకుంటున్నానా?

మా అత్త నన్నెప్పుడూ తిట్టలేదు. కానీ నేను మూలిగినప్పుడల్లా ఒక చూపు చూసేది. ఒకసారి పట్టుగూళ్ళు అల్లుకునే వెదురు చంద్రికల మీదికి పండిన పురుగులను ఏరి వేస్తూ, నేను నడుం పట్టుకుని కూర్చుండిపోతే, "ఈ వయసుకే ఏం నొప్పులమ్మా నీకు. ఆడోళ్ళకు ఒళ్ళు నొయ్యడం కొత్తా?" అంది. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగినట్టుంది. ఆమె నా వంతు పురుగులు కూడా ఏరేసింది.

పుట్టింట్లో అమ్మ దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చాను. అమ్మ నువ్వుల నూనె కాచి రుద్దింది. రుద్దినంతసేపు హాయిగా ఉండేది. తిరిగి వచ్చాక ఒక రోజు తొట్టి దగ్గర లేవబోయి లేవలేక అక్కడే చతికిలబడ్డాను. మా ఆయన వచ్చి చంకల కింద చేతులేసి ఎత్తాడు. తెల్లారి, "చిక్కబళ్ళాపురంలో ఒక డాక్టరమ్మ ఉండాదంట. ఓపిగ్గా చూస్తాదంట. పోదాం" అన్నాడు.

అనుకున్న రోజుకు గూళ్ళు దించే పని వచ్చి పడింది. ఆయన గూళ్ళు తీసుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకు పోక తప్పదు. నేను ఇంకో వారం ఆగుదామన్నాను. అత్త పొయ్యి ముందు నుంచే, "నేను పోతాలే దీని జతకు" అంది. అత్త ఆస్పత్రికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె తనకోసం కూడా ఆస్పత్రి గడప తొక్కిన మనిషి కాదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. కన్నడంలో మొదలుపెట్టబోయిన నన్ను చూసి, "యాడ నొస్తాదమ్మా?" అని తెలుగులోనే అడిగింది. ఆ ఒక్క మాటతో నేను సగం తేలికపడ్డాను. పాత చీటీలన్నీ తీయబోతే, "అవి తర్వాత చూస్తాను, ముందు నువ్వు చెప్పు" అంది. నేను చెప్పాను. మధ్యలో ఆపలేదు. కుర్చీలో చేతులు కట్టుకుని లేవమంది. లేవలేకపోయాను. మోకాలి కింద ముందు ఎముకను బొటనవేలితో నొక్కింది. నాకు తెలీకుండానే కేక పెట్టాను.

"ఎండలో ఎంతసేపు ఉంటావు?"

నాకు నవ్వొచ్చింది. "రైతులం మేడం. మాకు ఎండకేం కొదవ?"

"సరే, నిన్న ఎప్పుడెప్పుడు ఎండలో ఉండావు, చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున తోట, అప్పటికి పొద్దు పొడవలేదు. తర్వాత పురుగుల ఇల్లు. తర్వాత వంట. మధ్యాహ్నం మళ్ళీ పురుగుల ఇల్లు. సాయంత్రం తోట, చొక్కా, తువ్వాలు. చెప్తూ చెప్తూ ఆగిపోయాను. నిన్నటి పగలులో ఎండ నా ఒంటికి తగిలిన సమయం వెతికితే దొరకలేదు. మొన్నటిలోనూ లేదు. ఇన్నేళ్ళు ఎండాకాలాన్ని తిట్టుకుంటూ బతికాను గానీ ఎండలో బతకలేదు.

అప్పుడే పక్కనుంచి అత్త గొంతు వినిపించింది. చాలా చిన్నగా, తప్పు చేసినట్టు. "అమ్మా, దానికి నొక్కితిరే, ఆ ఎముక... నాకూ ఆడే నొస్తాది."

డాక్టరమ్మ నన్ను వదిలి ఆమె వైపు తిరిగింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిపి అక్కడే నొక్కింది. అత్త కేక పెట్టలేదు. పెదవి కొరుక్కుంది. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం జారిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఏమో తల్లీ. ఈ ఇంటికొచ్చిన కొన్నేండ్ల నుంచీ ఇట్లే."

"ఎవురికైనా చెప్పినావా?"

"చెప్పేదానికేముండాది? అందురికీ ఇట్లే ఉంటాదేమో అనుకుంటి."

ఇద్దరికీ రక్తపరీక్ష రాసింది. రక్తం తీసేటప్పుడు అత్త నా చేయి పట్టుకుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె నా చేయి పట్టుకున్న గుర్తు నాకు లేదు. రెండు రోజుల తర్వాత ఇద్దరం మళ్ళీ పోతే ఫలితం వచ్చి ఉంది. ఇద్దరికీ విటమిన్ డి బాగా తక్కువ. అత్తది నాదానికంటే తక్కువ.

డాక్టరమ్మ చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. తిన్న తిండిలోని కాల్షియం ఎముకకు చేరాలంటే ఈ విటమిన్ కావాలి. దాన్ని ఎక్కువగా మన చర్మమే ఎండతో తయారు చేసుకుంటుంది. అది చాలకపోతే ఎముక మెత్తబడుతుంది, తొడల్లో, భుజాల్లో బలం తగ్గుతుంది. మందుతో బాగవుతుంది కానీ నెలలు పడుతుంది. నాకు ఇంకో మాట కూడా చెప్పింది. "నీ మెడ, భుజాల నొప్పి, పడుకున్నా తీరని అలసట ఉండాయే, అవన్నీ దీనివల్లే అని నేను చెప్పలేను. కొన్ని పోతాయి. కొన్ని ఉండిపోవచ్చు. ముందు ఇది సరిచేసుకుందాం." నేను పోతాయన్న మాటే పట్టుకున్నాను.

తిరిగి వచ్చే బస్సులో అత్త కిటికీ పక్క కూర్చుంది. ద్రాక్షతోటలు దాటినాక, బయటికే చూస్తూ అంది.

"నువ్వు మూలిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇంత నొప్పికే ఇది ఇట్ల అంటాదే, నేను అనలేదే అని. నాకుండేదీ నొప్పే అని నాకు తెలీలేదు చూడు."

నేను ఆమె ఒళ్ళో ఉన్న మందుల సంచి నా ఒళ్ళోకి తీసుకున్నాను. సంచి బరువేమీ లేదు. ఆమె ఇచ్చేసి, నా భుజానికి తలానించి నిద్రపోయింది.

వారానికి ఒక పొట్లం. పాలలో కలుపుకుని తాగాలి. మేం ఆదివారం పెట్టుకున్నాం. పొడి కొంచెం తియ్యగా, పాలల్లో కలిపితే తెలీనంత లేత వాసనతో ఉండేది. మొదటి ఆదివారం అత్త గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేం మందమ్మా, పిల్లోళ్ళు తాగేట్లుండాది. చేదు లేకుంటే పని చేస్తాదా?" అంది. చేదు మందులే మందులని ఆమె నమ్మకం. అయినా తాగింది. అడుగున మిగిలిన పొడికి ఇన్ని నీళ్ళు పోసి అవీ తాగింది. రోజూ కాల్షియం బిళ్ళలు వేరే.

ఎండ కూడా మందే అని చెప్పింది డాక్టరమ్మ. పదకొండు ప్రాంతంలో, వంట ముగించి, ఇద్దరం మిద్దె ఎక్కేవాళ్ళం. మొదట్లో మెట్లు ఒకరినొకరం పట్టుకుని ఎక్కాం. చేతులు మోచేతుల పైదాకా, కాళ్ళు పిక్కలదాకా ఎండకు పెట్టి కూర్చోవడం. పగటిపూట పని వదిలి ఊరికే కూర్చోవడం మా ఇద్దరికీ రాదు. అత్త ఒక చేటలో అలసందలు తెచ్చుకునేది, ఏరడానికి. పక్కింటామె తన మిద్దె మీద నుంచి, "ఏమ్మా, అత్తాకోడళ్ళు పెండ్లికూతుర్ల మాదిరి కూర్చుండారే!" అని నవ్వింది.

"మందు తాగుతాండాము" అంది అత్త, మొహం మీద ఏ భావమూ లేకుండా. "నువ్వూ రా, దండిగా ఉండాది."

ఆ మిద్దె మీదే నాకు అత్త తెలిసింది. ఆమె పుట్టిల్లు తొండేభావి దగ్గర. చిన్నప్పుడు గొర్రెల వెంట రోజంతా తిరిగేదంట. పరుగుపందెంలో మగపిల్లలు కూడా అందుకునేవాళ్ళు కాదంట. "అట్ల ఉరికే కాళ్ళు గోడ పట్టుకుని లేస్తా ఉంటే, వయసైపాయ అనుకుంటి. అప్పుటికి నాకు నీ అంత వయసు కూడా లేదు" అంది. అలసందల్లో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా. నేను ఆమె చేటలోంచి గుప్పెడు తీసుకుని ఏరడం మొదలుపెట్టాను.

రెండు నెలలు దాటేసరికి అత్త మారిపోయింది. ఒక పొద్దున ఆమె కింద నుంచి గోడ తాకకుండా లేచింది. లేచి, అక్కడే నిలబడి, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. మా ఆయన చూసి నవ్వితే, "నవ్వొద్దప్పా, సరిగ్గా ఉండాదా లేదా అని చూస్తాండా" అంది. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచింది.

నాకూ ఎముకల్లో తొలుపు పోయింది. నేనూ లేవగలిగాను. కానీ భుజాలు, మెడ, వీపు అట్లే ఉన్నాయి. కొన్ని పొద్దులు దువ్వెన కూడా బరువే. అత్త చకచకా నడుస్తుంటే సంతోషపడ్డాను. అబద్ధమెందుకు, లోపల కొంచెం కుళ్ళుకున్నాను కూడా. ఇద్దరం ఒకే మందు తాగుతున్నాం, ఒకే ఎండలో కూర్చుంటున్నాం, ఆమెకు పోయింది నాకెందుకు పోలేదు? ఒకరోజు పురుగుల ఇంట్లో తట్టలో ఆకు పరుస్తూ ఏడ్చాను. అత్త తలుపు దగ్గర నిలబడి చూసింది. చూసి వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు నాకు అన్నం సహించడం మానేసింది. ఎప్పుడూ దాహం. కడుపు బిగబట్టినట్టుండేది, వాంతి వచ్చేట్టు ఉండేది. మళ్ళీ పరీక్షలు చేయించుకోవాల్సిన వేళ కూడా అయింది. ఇద్దరం చిక్కబళ్ళాపురం పోయాం.

డాక్టరమ్మ ఈసారి కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "అమ్మా, మీ అత్తది పెరగాల్సినంత పెరగలేదు. నీది ఉండాల్సినదానికంటే ఎక్కువైంది, కాల్షియం కూడా కొంచెం ఎక్కువుండాది. వారానికి ఒకటే గదా తాగేది?"

"ఒకటే మేడం. ఆదివారం."

"యాడైనా సూదులు కూడా వేయించుకున్నావా?"

"లేదు మేడం."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనే అమ్మా," అంది. "నాకు కాళ్ళు బాగైపాయ గదా. దీనికింకా నొస్తానే ఉండాది. పొద్దుటేల ఏడుస్తాది. దీనికి మందు చాల్లేదేమో అనుకుంటి. నా పొట్లం కూడా దీనికే పోస్తాంటి, బుధవారం పాలల్లో."

రోజూ రాత్రి అత్త ఇచ్చే పాలు బుధవారం ఎక్కువ తియ్యగా ఉంటే, నేను దిగులుగా ఉన్నానని చక్కెర ఎక్కువ వేస్తోందనుకున్నాను. ఆ వారాలన్నీ ఆదివారం ఆమె తాగింది ఉత్త పాలు. నా ఎదురుగానే, అడుగున ఇన్ని నీళ్ళు పోసుకుని మరీ తాగింది.

"ఇదంటే విషమా అమ్మా? నేను దీనికి విషం పెడితినా?" అత్త బల్ల మీదికి వంగింది.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకుని అత్త చేయి పట్టుకుంది. "విషం కాదు. టైముకు వచ్చినారు, ఆపేస్తే సరిపోతాది. కానీ ఇంకెప్పుడూ ఇట్ల చేయొద్దు. కొన్ని మందులు ఎక్కువైతే నీళ్ళతో బయటికి పోతాయి. ఇది పోదు, ఒంట్లోనే నిలుస్తాది. తక్కువ ఉన్నోళ్ళకు ఇది మందు. చాలినంత ఉన్నోళ్ళకు ఎంత పోసినా నొప్పి తగ్గదు."

నాకు పొడి, కాల్షియం రెండూ ఆపించింది. నీళ్ళు బాగా తాగమంది, కొన్ని వారాల తర్వాత మళ్ళీ రక్తం చూస్తానంది. తర్వాత నా వైపు తిరిగి, మిగిలిన నొప్పికి ఒక పేరుందని చెప్పింది, ఫైబ్రోమయాల్జియా అని. నొప్పిని మోసే నరాలు చిన్నదాన్ని కూడా పెద్దది చేసి చెప్తాయంట. ఎక్స్‌రేలో కనపడదు, రక్తంలో కనపడదు. "కనపడదు కాబట్టి లేదని కాదు. ఉండాది," అంది. దీనికి నిద్ర సరిచేసుకోవాలి, రోజూ కొంచెం కొంచెం నడక పెంచాలి, ఒక చిన్న బిళ్ళ వేసుకోవాలి, పనిని ముక్కలుగా చేసుకోవాలి. పూర్తిగా పోతుందా అని అడిగాను. పోకపోవచ్చు, దాంతో బాగా బతకడం నేర్చుకోవచ్చు అంది. వింతగా, ఆ మాట విని నాకు ఏడుపు రాలేదు.

బయట మెట్ల మీద అత్త కూర్చుండిపోయింది. లేవడానికి కాళ్ళు బాగానే ఉన్నాయి ఇప్పుడు, మనసు లేవడం లేదు. నేనూ పక్కన కూర్చున్నాను.

"నాకు నీ మీద కోపం లేదత్తా."

"నాకు నా మీద ఉండాది."

"నాకోసం నీ మందు మానుకుంటివి గదా. ఎవురు చేస్తారు?"

"తెలివుండేవాళ్ళు చేయరు," అంది. మళ్ళీ, "నీ నొప్పి నాకు వచ్చేదుంటే బాగుండు. నాకు అలవాటు" అంది. నేను ఆమె మోకాలి మీద చేయి వేసి అట్లే ఉన్నాను. జనం మమ్మల్ని చుట్టుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

కొన్ని వారాలకు నా దాహం తగ్గింది, అన్నం సహించింది. రక్తం కూడా సర్దుకుంది. అత్త తన పొట్లాలు తానే తాగింది, నా కళ్ళెదుట, నేను కలిపి ఇస్తేనే. డాక్టరమ్మ ఆమెకు తర్వాత నెలకొకటి చేసింది. నాకు కూడా చాలా నెలల తర్వాత, మళ్ళీ రక్తం చూసి, నెలకొకటి రాసింది. నా నొప్పి ఉంది. కొన్ని రోజులు ఇంటి మూలన పిల్లిలాగా పడుంటుంది, కొన్ని రోజులు మీదికెక్కుతుంది. మీదికెక్కిన రోజు నేను చెప్తాను, "ఈ పొద్దు బాగలేదు" అని. అంతే, ఎవరూ వివరం అడగరు. మా ఆయన రెండు మోపులు మోస్తాడు. అత్త తట్టలు చూసుకుంటుంది. మొన్న చుట్టం ఒకామె వచ్చి, పడుకున్న నన్ను చూసి, "పొద్దున్నే పండుకునుండాదే మీ కోడలు?" అంటే, అత్త గొంతు పెంచకుండా, "దానికి ఒళ్ళు నొస్తాండాది. నువ్వు కాపీ తాగు" అంది. తలుపు చాటు నుంచి విన్నాను. కప్పుకున్న దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను, సంతోషంతో.

పోయిన నెల పురుగుల పని లేని వారం ఒకటి దొరికితే, ఇద్దరం బస్సెక్కి నంది ఊరికి పోయాం. కొండ మీదికి కాదు, కింద ఊళ్ళో గుడికి. అత్తకు గుడి చుట్టూ తిరగాలని ఎన్నాళ్ళ నుంచో ఉందంట, కాళ్ళు రాక అడగలేదంట. రాతి బండల మీద చెప్పుల్లేకుండా ముందు ముందు నడిచింది. నేను ఒక చుట్టు తిరిగి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఆమె ఇంకోటి తిరిగింది, ఇంకోటి తిరిగింది. ప్రతిసారీ నా ముందు నుంచి పోతూ, నేను బాగున్నానా అని ఒక చూపు చూసి పోయింది. చివరికి వచ్చి నా పక్కన కూలబడి, అరికాళ్ళు రుద్దుకుంటూ, చిన్నపిల్లలాగా రొప్పింది.

"బస్సుకు టైమాయనా?" అంది.

"ఇంకా ఉండాది."

"అయితే ఇంకొంచేపు కూర్చుందాం," అని కొంగులో కట్టుకొచ్చిన బొరుగులు విప్పి నా చేతిలో పోసింది.